అడ్వాన్సు తీసుకొని పనికి పోకుంటే జైల్లో ఏస్తారా?

పోయిన ఎండాకాలంలో పుంగనూరు బస్టాండు కాడ ఒక అబ్బోడు నన్ను నిలబెట్టి ఒక మాట అడిగినాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. హోసకోట దిక్కు ఇటుకల బట్టీలో పనికని మేస్త్రీ దగ్గర అరవై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. ఆ దుడ్డు అక్క పెండ్లికి అయిపోయింది. మూడు నెలలు పని చేసినాక నడుము పట్టేసి ఇంటికొచ్చేసినాడు. ఆధార్ కార్డు మేస్త్రీ దగ్గరే ఉండాది. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టించుకున్నారు. పొద్దున ఒకసారి, మాపటేళ ఒకసారి ఫోనొస్తా ఉండాది. "అన్నా, నేను తిరిగి పోకుంటే నిజంగానే జైల్లో ఏస్తారా?" అన్నాడు.

ఒక టీ తాగిచ్చి, "ఏయరులేప్పా, భయపడొద్దు" అని చెప్పి పంపించేసినా. ఇంటికొచ్చినాక నాకే సరిపడలేదు. ఆ పిల్లోడు అడిగింది రెండు మాటల్లో తేలేది కాదు. బానిసత్వం, జైలు, ప్రజాస్వామ్యం, ఈ మూడూ దాంట్లో ముడిపడి ఉండాయి. మార్క్స్ కాలం నుంచి బాలగోపాల్ దాకా ఎడమ పక్క ఆలోచించేవాళ్లు నూటయాభై ఏండ్లుగా దీని మీద కొట్లాడుకుంటానే ఉండారు. ఆ వాదనలో ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే నడిచింది. నేను పదో తరగతి దాటినోడిని కాదు. బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తా రాత్రిళ్లు చదువుకున్నోడిని. నాకు అర్థమైనంత వరకు మన మాటల్లో చెప్తా.

ముందు ఆ బెదిరింపు సంగతి చూద్దాం. "జైల్లో ఏయిస్తా" అనేది మేస్త్రీ నోట్లో పుట్టిన మాట కాదు. ఒకప్పుడు అది చట్టమే.

1843లో కుంఫిణీ సర్కారు, మనిషిని బానిసగా సొంతం చేసుకునే హక్కును కోర్టులు ఒప్పుకోవని చట్టం చేసింది. శానా మంచి మాట. కానీ తోటల దొరలకి, కంట్రాక్టర్లకి పనోళ్లు కావాల, మధ్యలో వదిలిపెట్టి పోకూడదు. అందుకని 1859లో ఇంకో చట్టం తెచ్చినారు, పని ఒప్పందం తప్పిన కూలోళ్ల మీద. అడ్వాన్సు తీసుకున్నోడు పనికి రాకుంటే మేజిస్ట్రేటు ముందుకి లాగొచ్చు. పని చేస్తావా, దుడ్డు కడతావా? రెండూ కాదంటే మూడు నెలల దాకా కఠిన కారాగారం. కఠిన కారాగారం అంటే లోపల పని చేయాల. యవ్వారం చూడండి. బయట అడ్వాన్సు పని వద్దన్నోడిని లోపలికి తోసి ఊరికే పని చేయించుకునేది. పని ఇచ్చినోడు మాట తప్పితే జైలని మాత్రం దాంట్లో రాయలేదు. ఈ చట్టాన్ని తీసేయడానికి 1925 దాకా పట్టింది.

మనోళ్లకి ఇది దూరపు కథ కాదు. అప్పట్లో పుంగనూరు జమీ, కుప్పం కాడి కంగుంది జమీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండె. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నేటాల్ చెరుకు తోటలకి పోయిన కూలోళ్లలో ఆ జిల్లా వాళ్లు శానా మంది. ఐదేండ్ల ఒప్పందం రాసిచ్చి పోవాల. చీటీ లేకుండా తోట దాటితే అక్కడా జైలే.

ఇంగ దగ్గర్లో కోలారు బంగారు గనులు. కుప్పంలో రైలెక్కితే బంగారుపేట ఎంత దూరం! మన పక్క నుంచి, తమిళ పక్క నుంచి పోయిన మాల మాదిగ కుటుంబాలే ఆ గనుల లోపలికి దిగినాయి. 1930లో అక్కడి కార్మికులు పెద్ద సమ్మె చేసినారు. దేనికో తెలుసా? కూలి పెంచమని కాదు. ప్రతి పనోడి వేలిముద్రలు తీసి నమోదు చేస్తామంటే ఎదురు తిరిగినారు. వేలిముద్ర దొంగలది తీస్తారు, మేము దొంగలమా అనేది వాళ్ల రోషం. దాంట్లో ఇంకో సంగతి కూడా ఉండాది. ఒక గనిలో పని మానేసి ఇంకో గనికి పోయేటోడిని గుర్తుపట్టి నిలిపేయడానికి వేలిముద్ర పనికొస్తుంది. ఇప్పుడు ఆధార్ కార్డు మేస్త్రీ జేబులో ఉండేది కూడా అందుకే.

నా లెక్కలో బానిసత్వాన్ని గుర్తుపట్టే గుర్తు ఇదొక్కటే. కొట్టినారా, తిండి పెట్టినారా, కూలి ఎంత అనేవి తర్వాత. "నేను పోతా" అని లేచి పోగలడా లేదా? మా నాయన ఒక పెద్ద రైతు ఇంట్లో జీతానికి ఉండినాడు. ఏడాదికి ఇన్ని మూటల రాగులు, ఒక జత బట్టలు. ఆ ఇంటోళ్లు కొట్టలేదు, పండగకి పిలిచి అన్నం పెట్టేవాళ్లు. కానీ అప్పు తీరకుండా ఇంకొకరి చేనికి పోవడానికి లేదు. అప్పు తీరేది కాదు.

ఇక్కడే ఎడమ పక్కోళ్ల మొదటి తగువు. మార్క్స్ చెప్పింది ఏమంటే, పెట్టుబడిదారీ వ్యవస్థకి 'స్వేచ్ఛగా ఉండే' కూలోడు కావాల. ఒక దొరకి కట్టుబడి ఉండడు, ఎవురికైనా తన పని అమ్ముకోగలడు. అమ్ముకోకుంటే ఆకలితో చస్తాడు, అది వేరే సంగతి. దీన్ని పట్టుకొని మన కమ్యూనిస్టులు శానా మంది, వెట్టి, జీతం, అప్పుకింద పని అనేవన్నీ పాత భూస్వామ్యం మిగుళ్లు అన్నారు. తెలంగాణలో 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం వెట్టి మీదే మొదలాయె. నక్సల్బరీ తర్వాత వచ్చిన పార్టీలు మన దేశాన్ని 'అర్ధ భూస్వామ్యం' అనడానికి చూపించిన సాక్ష్యాల్లో జీతగాడు ఒకడు. భూస్వామ్యం పోతే జీతగాడు పోతాడు అనుకున్నారు.

పోయినాడా? జమీలు పోయి డెబ్బై ఏండ్లు దాటింది. మన పడమటి మండలాల్లో ఏడాది జీతగాళ్లు ఇప్పుడు వెతికితే గానీ కనపడరు. కానీ అడ్వాన్సు తీసుకొని బట్టీలకి, బోర్ల లారీలకి, రాయి క్వారీలకి పోయేవాళ్లు ప్రతి ఊర్లో ఉండారు. ఆ బట్టీ ఇటుక బెంగళూరు అపార్ట్‌మెంటుకి పోతుంది. దాంట్లో భూస్వామ్యం యాడ ఉంది? జాన్ బ్రెమన్ అనే డచ్చి ఆయన గుజరాత్ ఊర్లలో ఏండ్ల తరబడి తిరిగి, దీనికి 'కొత్త కట్టుబాటు' అని పేరు పెట్టినాడు. పాత దొర కనీసం కరువులో గంజి పోసేవాడు. కొత్త మేస్త్రీ సీజను అయిపోతే ముఖం కూడా చూపించడు. టామ్ బ్రాస్ అనే మార్క్సిస్టు ఇంకా గట్టిగా చెప్పినాడు. పెట్టుబడికి స్వేచ్ఛ ఉండే కూలోడే కావాలని ఏమీ లేదు, వీలున్న చోట కట్టేసుకున్నోడే లాభం అన్నాడు. ఈ వాదన 80ల్లో, 90ల్లో పెద్దగా నడిచింది. నాకు బ్రాస్ మాటే మన ఊర్లకి సరిపోతుందనిపిస్తుంది. భూస్వామ్యం పోయేదాకా కాసుకోని ఉంటే ఆ పుంగనూరు అబ్బోడికి ఏం ఒరుగుతుంది?

ఇంగ చట్టం సంగతి. మన రాజ్యాంగంలో 23వ అధికరణ మనుషుల్ని అమ్మడం, వెట్టి, బలవంతపు పని నిషేధమని చెప్తుంది. 1873లోనే జోతిబా ఫూలే 'గులాంగిరి' రాసి, బానిసత్వాన్ని తీసేసిన అమెరికా జనానికి అంకితం ఇచ్చినాడు. మా దగ్గర కూడా అట్లా చేయండ్రా అని ఆయన కోరిక. అంబేద్కర్ 1946లో అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కి జాబు రాసినాడు, అక్కడి నల్లోళ్లు ఐక్యరాజ్య సమితికి ఇచ్చిన అర్జీ నకలు పంపమని. అంటరానోళ్ల కష్టం, నల్లోళ్ల కష్టం ఒకే మాదిరి అని ఆయనకి తెలుసు. 23వ అధికరణ వెనకాల ఇంత కథ ఉండాది.

రాజ్యాంగం వచ్చింది 1950లో. అప్పుకింద పనిని తీసేసే చట్టం రావడానికి ఇంకో పాతికేండ్లు పట్టింది. అది కూడా ఎప్పుడొచ్చిందో చూడండి. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టినారు, ప్రతిపక్షమోళ్లని, విప్లవ రచయితల్ని జైళ్లలోకి తోసినారు. అక్టోబరులో వెట్టి నిర్మూలన ఆర్డినెన్సు తెచ్చినారు. డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఆదిలాబాద్ రైతుకూలీ వీరులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసినారు. 1976 ఫిబ్రవరిలో ఆర్డినెన్సు చట్టమాయె. అంటే బానిసని విడిపించే కాగితం, బానిస కోసం కొట్లాడినోడి ఉరితాడు, రెండూ ఒకే చలికాలంలో వచ్చినాయి. ఎమర్జెన్సీలో పేదోళ్లకి మేలు జరిగిందనే వాళ్లు ఈ చట్టాన్ని చూపిస్తారు. చట్టం మంచిదే, నేను కాదనను. కానీ సంఘం పెట్టుకోకూడదు, మీటింగు పెట్టకూడదు, పేపర్లో రాయకూడదు అనే కాలంలో, తనకి ఆ హక్కు ఉండాదని జీతగాడికి చెప్పేది ఎవురు?

చెప్పిన ఆఫీసరు ఒకాయన ఉండె. ఎస్.ఆర్. శంకరన్. సాంఘిక సంక్షేమ శాఖలో ఉంటా ఊర్లూర్లు తిరిగి, ఈ చట్టం వచ్చింది, మీ అప్పులు పోయినాయి, భయపడొద్దండి అని జీతగాళ్లకి ఆయనే చెప్పినాడు. అప్పటి ముఖ్యమంత్రి చెన్నారెడ్డికి అది గిట్టలేదు. శంకరన్ త్రిపురకి పోయి, నృపేన్ చక్రవర్తి ప్రభుత్వంలో చీఫ్ సెక్రటరీగా చేసినాడు. చట్టం అమలు చేసినందుకే ఆఫీసరుకి ఉన్న చోటు లేకుండా పోయింది.

1982లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం కట్టే పనుల్లో కూలోళ్లకి కనీస కూలి దక్కడం లేదని పియుడిఆర్ అనే హక్కుల సంఘం కేసేసింది. జస్టిస్ భగవతి ఏం తీర్పిచ్చినాడంటే, కనీస కూలి కన్నా తక్కువకి పని చేసేది బలవంతపు పనే. కొరడా ఒక్కటే బలవంతం కాదు, ఆకలి కూడా బలవంతమే. ఇంత పెద్ద మాట అన్న కోర్టు, జైలు గోడ దగ్గరకొచ్చేసరికి నిలబడిపోయింది.

గోడ లోపలి సంగతి చెప్పాల కదా. అమెరికాలో 1865లో బానిసత్వాన్ని తీసేస్తా చేసిన 13వ సవరణలో ఒక మినహాయింపు పెట్టినారు. నేరానికి శిక్ష పడినోడి చేత తప్ప, ఇంకెవురి చేతా బలవంతంగా పని చేయించకూడదని. ఆ 'తప్ప' అనే మాటలో నుంచి దక్షిణాది రాష్ట్రాలు దూరినాయి. పని లేకుండా తిరిగినా నేరమే అని చట్టాలు చేసి, నల్లోళ్లని జైల్లో వేసి, ఖైదీల్ని గనులకి, తోటలకి బాడుగకి ఇచ్చినారు. అలబామాలో ఇది 1928 దాకా నడిచింది. డుబోయిస్ 1935లో రాసిన పెద్ద పుస్తకంలో ఈ మోసాన్ని విప్పి చూపించినాడు. గొలుసు తెంచితే చాలదు, భూమి, బడి, ఓటు ఇస్తేనే బానిసత్వం పోయినట్టు అనేది ఆయన వాదన. తానే జైల్లో ఉండి వచ్చిన ఏంజెలా డేవిస్, ఆ మాటని పట్టుకొని, ఇప్పటి జైలు పాత బానిసత్వానికి వారసురాలు, జైళ్లే వద్దు అంటుంది.

అందరు ఎడమ పక్కోళ్లూ దీన్ని ఒప్పుకోరు. రూత్ విల్సన్ గిల్మోర్ కూడా జైళ్లు వద్దనే మనిషే. కానీ ఆయమ్మ కాలిఫోర్నియా జైళ్లని చదివి ఏమంటుందంటే, ఖైదీల్లో ఎక్కువ మందికి లోపల పనే లేదు, ఊరికే కూర్చోబెట్టినారు. పెట్టుబడికి అక్కర్లేని జనాన్ని మూసిపెట్టే చోటు జైలు, పని పిండుకునే చోటు కాదు అని. మార్క్స్ మాట ఇంకా తమాషాగా ఉంటుంది. 1875లో జర్మనీ కార్మిక పార్టీ ఖైదీల పనిని కట్టడి చేయాలని డిమాండ్ రాసుకునింది, బయటి కార్మికుడికి పోటీ వస్తుందని. మార్క్స్ దాన్ని తప్పు పట్టినాడు. పోటీకి భయపడి ఖైదీని పశువు మాదిరి చూడొద్దు, పనికొచ్చే పని అతనికి దక్కకుండా చేయొద్దు, మనిషి బాగుపడడానికి లోపల ఉండే దారి అదొక్కటే అన్నాడు.

నేను ఈ విషయంలో మార్క్స్ పక్కనే ఉంటా. మన అనంతపురం కాడ ఖైదీల వ్యవసాయ కాలనీ ఉండాది, ఓపెన్ జైలు. సెల్లులో గోడ చూస్తా కూర్చునేదానికన్నా ఆ చేలో పని చేసేదే మేలని లోపల ఉండి వచ్చిన ఎవురిని అడిగినా చెప్తారు. తగువు పని మీద కాదు, కూలి మీద. 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమంటే, కఠిన శిక్ష పడినోడి చేత పని చేయించొచ్చు, కానీ న్యాయమైన కూలి ఇవ్వాల, ఆ రేటు తేల్చడానికి రాష్ట్రాలు కమిటీలు వేయాల. దాంట్లో కొంత బాధితుల కోసం పట్టుకోవచ్చు. బయట కనీస కూలికి తక్కువైతే బలవంతమే అన్న అదే కోర్టు, లోపలోడికి 'న్యాయమైన' అనే మాటతో సరిపెట్టింది. అమెరికాలో కొలరాడో జనం 2018లో తమ రాష్ట్ర రాజ్యాంగంలో నుంచి ఆ 'తప్ప'ని తీసేసినారు. 2024లో కాలిఫోర్నియా జనాన్ని ఇదే అడిగితే వద్దని ఓటేసినారు. ఓటేసేవాళ్లు కూడా మారాల్సి ఉండాది.

ఇక్కడ ఒక పాత ఘోరం గుర్తు చేయాల. 23వ అధికరణతో సహా రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. పదహారు దినాలకి, ఫిబ్రవరి 11న, సేలం జైల్లో కమ్యూనిస్టు ఖైదీల మీద కాల్పులు జరిపి 22 మందిని చంపినారు. రాజకీయ ఖైదీలుగా చూడండి, మామూలు నేరస్తుల మాదిరి చూడొద్దు అనేది వాళ్ల పోరాటం. అప్పుడు మనమూ సేలమూ ఒకే మద్రాసు రాష్ట్రం. కుప్పం నుంచి జోలార్‌పేట మీదుగా సేలం రైలు అదే. అయినా మన పిల్లోళ్లకి ఈ పేరే తెలీదు.

ఆ పోరాటాన్ని నేను గౌరవిస్తా. కానీ దాంట్లో నాకు ఒక ముల్లు గుచ్చుకుంటుంది. రాజకీయ ఖైదీ 'నేను మామూలు ఖైదీని కాదు' అంటే, మామూలు ఖైదీ ఎవురు? మన పక్క చూస్తే ఎరుకలోళ్లు. బ్రిటిషోళ్లు 1871లో నేరస్త జాతుల చట్టం చేసి, 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికి తెచ్చినారు. పుట్టడంతోనే దొంగ అని రాసి, స్టూవర్టుపురం మాదిరి సెటిల్‌మెంట్లలో పెట్టినారు. స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. అక్కడి మనుషుల్ని చీరాల పొగాకు కంపెనీకి కూలోళ్లుగా పంపినారు. చీటీ లేకుండా కదలకూడదు. జైలు, ఊరు, ఫ్యాక్టరీ మూడూ ఒకటే అయిపోయిన చోటు అది. దేశమంతా ఆ చట్టం పోయింది 1952లో.

పోయింది అనుకున్నాం. 2020లో సుకన్యా శాంత అనే విలేకరి జైళ్ల మాన్యువళ్లు తిరగేసి చూస్తే, కులం లెక్కన పనులు పంచే రూళ్లు ఇంకా ఉండాయి. వంట 'తగిన కులం' వాళ్లకి, దొడ్లు కడిగేది ఫలానా కులం వాళ్లకి. సంచార జాతుల మీద అనుమానపు రాతలు కూడా అట్లనే ఉండాయి. ఆమె వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. బెజవాడ విల్సన్ కోలారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టినాడు, అయినోళ్లు చేత్తో మలం ఎత్తే పని చేస్తా ఉంటే చూసి ఉద్యమం లేపినాడు. బయట ఆయన కొట్లాడినదే లోపల చట్టబద్ధంగా నడస్తా ఉండె. కాబట్టి మన జైలు గురించి మాట్లాడేటప్పుడు అమెరికా పుస్తకం ఒక్కటే చాలదు. అక్కడ రంగు, ఇక్కడ కులం. ఎవురికి ఏ పని అనేది జడ్జి శిక్ష రాయక ముందే రాసిపెట్టి ఉంటాది.

ఓటు సంగతి కూడా చెప్పి ముగిస్తా. 2022 లెక్కల ప్రకారం మన దేశం జైళ్లలో 5,73,220 మంది ఉంటే, దాంట్లో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం రుజువే కాలేదు. కానీ 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షను ప్రకారం లోపల ఉన్నోడికి ఓటు లేదు. 1997లో సుప్రీంకోర్టు ఇది సరే అనింది. జైల్లో ఉన్నోడు ఎన్నికల్లో నిలబడొచ్చు మాత్రం. కూడదని కోర్టు అంటే, 2013లో పార్లమెంటు ఆగమేఘాల మీద చట్టం మార్చుకునింది. బెయిలు దుడ్డు లేక లోపల మగ్గే రిమాండు కూలోడికి ఓటు లేదు, కోట్లున్న నాయకుడికి నామినేషన్ ఉండాది. హక్కులనేవి పైనోళ్ల బూటకం కాదు, కింది జనం కొట్లాడి గెలుచుకున్నవి అని బాలగోపాల్ చివరి దాకా చెప్తా వచ్చినాడు. విప్లవం వచ్చినాక చూద్దాం అనే మిత్రులకి ఆ మాట రుచించలేదు. నాకు ఆ నలుగురిలో ముగ్గురు గుర్తొచ్చినప్పుడల్లా ఆయనదే సరి అనిపిస్తుంది.

ఇంగ ఆ అబ్బోడి ప్రశ్న. జవాబు వివరంగా రాస్తా, ఎవురికైనా పనికొస్తుంది.

అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్, పేదోడు కట్టలేని అప్పుకి జైలు పెట్టేది కుదరదని తీర్పిచ్చినాడు. ప్రోనోటు ఉంటే సివిల్ కోర్టులో దావా వేసుకోవాల్సిందే, పోలీసోళ్లకి దాంతో పని లేదు. ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే మాత్రం జాగ్రత్త, చెక్కు బౌన్సు కేసు వేరే. అడ్వాన్సు చూపించి పని మానుకోనీకుండా, ఇంకో చోటికి పోనీకుండా చేస్తే అది 1976 చట్టం కింద వెట్టి. ఆ అప్పు చట్టం దృష్టిలో రద్దయిపోయింది. ఇది వెట్టి అప్పు కాదని రుజువు చేయాల్సింది దుడ్డు ఇచ్చినోడే, నువ్వు కాదు. జైలు ఉండేది వాడికి, మూడేండ్ల దాకా. అర్జీ పెట్టాల్సింది కలెక్టరుకో, సబ్‌కలెక్టరుకో, ఆర్డీవోకో. మన పక్క అయితే మదనపల్లె, కుప్పం ఆఫీసులు. పని చేసింది కర్ణాటకలో అయితే అక్కడి అసిస్టెంట్ కమిషనరు. విడుదల పత్రం రాయించుకోవాల. అది ఉంటేనే వెంటనే ముప్పై వేల దాకా సాయం, తర్వాత మగోళ్లకి లక్ష, ఆడోళ్లకి, పిల్లోళ్లకి రెండు లక్షల పునరావాసం అనేది కదులుతుంది. ఒంటిగా పోతే ఆఫీసులో రేపు రా అంటారు. నలుగురు కలిసి పోండి, అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వకీలుని ఊరికే ఇస్తారు.

ఆ పొద్దు నేను ఆ అబ్బోడి నంబరు తీసుకోలేదు. నడుముకి బెల్టు కట్టుకొని చౌడేపల్లె బస్సెక్కి పోయినాడు. మీలో ఎవురైనా ఆయప్పని గుర్తుపడితే, ప్రోనోటు గురించి రాసిన ముక్క చదివి వినిపించండి. ఆధార్ కార్డు తిరిగివ్వమని అడిగే హక్కు కూడా ఉండాదని చెప్పండి.